ఒకే గాలి, పక్కపక్క భూములు: దుమ్ము లేచింది నా చెల్కలోంచే. ఎందుకు?

చెల్క_రైతు (నర్సంపేట వైపు) · మే 16, రాత్రి 8.10

అందరికీ నమస్తే. మాకు నాలుగెకరాల ఎర్ర చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల) ఉంది, పత్తి వేస్తాం. ఈసారి పత్తి కట్టె పీకేసి, పోయిన వారం రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని మెత్తగా చేసే ట్రాక్టర్ పనిముట్టు) రెండుసార్లు కొట్టించాను. మొన్న మధ్యాహ్నం మూడున్నరకు పడమటి నుంచి ఈదురుగాలి లేచింది. వాన చుక్క లేదు, ఉత్త గాలే. చూస్తుండగానే నా చెల్క మీద ఎర్రటి తెర లేచి తూర్పుకు నడిచిపోయింది. అటు పక్కనే వడ్ల కొనుగోలు సెంటర్. టార్పాలిన్ల మీద ఆరబోసిన వడ్ల నిండా నా మట్టే.

సాయంత్రం అక్కడ వడ్లు పోసుకున్న ఒక అక్క నన్ను పిలిచి, దోసిట్లోకి వడ్లు తీసుకుని ఊది చూపించింది. ఎర్రగా లేచింది. తిట్టలేదు. "మళ్ల తూర్పార పట్టాలె తమ్మీ" అన్నది, అంతే. అప్పటి నుంచి మనసు బాగాలేదు.

నా ప్రశ్న ఇది. దక్షిణం పక్క చెల్క మా బాబాయిది. నాదీ ఆయనదీ ఒకప్పుడు ఒకటే భూమి, మట్టిలో తేడా లేదు. ఆయన కట్టె కోశాడు గానీ ఇంకా దున్నలేదు. అందులోంచి దుమ్ము దాదాపు లేవలేదు. ఉత్తరం పక్కన పల్లంలో ఉన్నది రేగడి (నల్ల బంక నేల), అది దున్నిన భూమే. దాంట్లోంచీ లేవలేదు. ఒకే గాలి కదా. మరి తేడా మట్టిదా, నేను చేసిన పనిదా?

రేగడి_బిడ్డ (ఆదిలాబాద్) · మే 16, రాత్రి 8.42

తమ్మీ, రేగడికి పట్టు ఎక్కువ. దున్నితే పెడ్డలు పెడ్డలుగా లేస్తుంది, ఒక్కో పెడ్డను రెండు చేతులతో ఎత్తాలి. దాన్ని గాలి ఏం చేస్తుంది? చెల్కలో ఇసుక ఎక్కువ, పట్టు ఉండదు, అందుకే లేస్తుంది. మీ దిక్కు ఇంకా తేలికైన నేలను "దుబ్బ నేల" అనే అంటారు కదా. దుబ్బ అంటేనే దుమ్ము. పెద్దలు చూసే పేరు పెట్టారు.

గోదావరి_ఒడ్డు (మంథని) · మే 16, రాత్రి 9.15

అక్కా, ఇసుక ఎక్కువ కాబట్టే లేస్తుందంటే మా దగ్గర రోజూ దుమారం ఉండాలి. ఈ నెలలో గోదావరి చాలాచోట్ల ఎండి మైదానంలాగా ఉంటుంది. నేను చిన్నప్పటి నుంచి ఆ ఇసుకలో నడిచినవాణ్ని. గట్టి గాలి వస్తే పిక్కల మీద సూదులు గుచ్చినట్టు తగులుతుంది, నిలబడలేం. కానీ తల ఎత్తి చూస్తే అవతలి ఒడ్డు చెట్లు శుభ్రంగా కనిపిస్తాయి. కళ్లలో పడేది తక్కువ. అదే గాలికి ఒడ్డెక్కి చెల్కల్లోకి వస్తే పిక్కలకు ఏమీ తగలదు గానీ కళ్లు తెరవలేం. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

గాలిమర (హన్మకొండ) · మే 16, రాత్రి 11.05

మీ పిక్కల అనుభవంలోనే జవాబు సగం ఉంది తమ్మీ. నేను ఫిజిక్స్ చెప్తాను, ఈ విషయం అంటే ఎప్పటి నుంచో ఇష్టం. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

గాలికి మట్టి మూడు రకాలుగా కదులుతుంది. అర మిల్లీమీటర్ కంటే లావు రేణువులు నేల మీద దొర్లుతాయి. మిల్లీమీటర్‌లో పదో వంతు నుంచి అర మిల్లీమీటర్ దాకా ఉన్నవి గెంతుతాయి. అంటే లేస్తాయి, గాలి తోసినంత దూరం పోతాయి, మళ్లీ వచ్చి నేలను కొడతాయి. అంతకంటే సన్నవి తేలిపోతాయి. మనం దుమ్ము అనేది ఈ మూడో రకాన్ని. కానీ మొత్తం కదిలే మట్టిలో సగానికి పైగా సాధారణంగా గెంతే రేణువులే, అవీ ఎక్కువగా అడుగు ఎత్తు లోపలే. పిక్కలకు తగిలేవి అవే.

ఇప్పుడు అసలు సంగతి. ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా లేస్తుందని అందరం అనుకుంటాం. అది తప్పు. గాలికి అన్నిటికంటే ముందు కదిలేది మిల్లీమీటర్‌లో పదో వంతుకు కొంచెం అటూ ఇటూ ఉన్న సన్న ఇసుక. అంతకంటే లావైతే బరువు ఆపుతుంది. అంతకంటే సన్నమైతే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, గాలి వాటిని విడదీయలేదు. బంక రేణువు 2 మైక్రాన్ల లోపు ఉంటుంది, అంటే మిల్లీమీటర్‌ను ఐదువందల ముక్కలు చేస్తే ఒక ముక్క. దాన్ని గాలి నేరుగా లేపడం చాలా అరుదు. గెంతుతూ వచ్చిన ఇసుక రేణువు దాని మీద పడి కొట్టినప్పుడు అది చిట్లి లేస్తుంది. ఇసుక సుత్తి లాంటిది. బంక, ఒండ్రు (ఇసుక కంటే సన్నగా, బంక కంటే లావుగా ఉండే మట్టి) ఆ దెబ్బకు లేచే దుమ్ము.

గోదావరి ఇసుకలో సుత్తి ఉంది, దుమ్ము సరుకు లేదు. ఏటా వరద దాన్ని కడిగి తీసుకుపోతుంది. పెడ్డలు కట్టిన రేగడిలో సరుకు బోలెడు, సుత్తి లేదు. ఎర్ర చెల్కలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే రేగడి_బిడ్డ గారు చెప్పిన దానికి ఒక్క మాట కలపాలి. చెల్క లేచేది ఇసుక ఉన్నందుకు మాత్రమే కాదు, ఇసుకలో కొంచెం బంక కూడా ఉన్నందుకు.

బడి_టీచర్ (పరకాల) · మే 17, ఉదయం 7.20

గాలిమర సార్ రాసింది చదివి పొద్దున్నే వంటింట్లో చేసి చూశాను. ఒక పళ్లెంలో మైదా పరిచి గ్లాసు అడుగుతో సమంగా అదిమాను. కాగితం గొట్టం చేసి అడ్డంగా, మెల్లగా ఊదాను. ఏమీ లేవలేదు. తర్వాత పళ్లెం ఒక అంచున చెంచాడు బొంబాయి రవ్వ పోసి, అదే ఊపుతో ఆ అంచు నుంచి ఊదాను. రవ్వ గింజలు మైదా మీదుగా గెంతుకుంటూ పోయాయి. అవి తగిలిన ప్రతిచోటా సన్నటి తెల్లటి పొగ. పళ్లెం మీద చిన్న చిన్న గుంటలు కూడా పడ్డాయి. మా పాప మళ్లీ మళ్లీ చేయించింది.

బడి తెరిచాక ఏడో తరగతి పిల్లలకు ఇదే చూపిస్తాను. మైదాకు బదులు రెండు ఊళ్ల మట్టి తెప్పిస్తాను.

చెల్క_రైతు · మే 17, ఉదయం 9.02

మేడమ్, సార్, చాలా థాంక్స్. ఇప్పుడు ఒకటి అర్థమైంది, ఇంకొకటి అర్థం కాలేదు. మా బాబాయి చెల్కలో కూడా అదే ఇసుక, అదే బంక. సుత్తీ ఉంది, సరుకూ ఉంది. అది ఎందుకు లేవలేదు?

ట్రాక్టర్_అన్న (వర్ధన్నపేట) · మే 17, మధ్యాహ్నం 1.30

దానికి జవాబు నేను చెప్తాను. పన్నెండేళ్లుగా కిరాయికి ట్రాక్టర్ తోలుతున్నాను. దున్నని భూమి మీద పోయిన వానలు కట్టిన గట్టి పొర ఉంటుంది. మీ బాబాయి కట్టె కోశాడు అన్నారు, అంటే మోళ్లు నిలబడి ఉన్నాయి. ఆ పొరను, ఆ మోళ్లను దాటి గాలి మట్టిని అందుకోలేదు. మీరు రెండూ తీసేశారు.

ఎండిన చెల్కలో రోటవేటర్ వేస్తే ఏమవుతుందో నా కంటే దగ్గరగా చూసినవాళ్లు ఉండరు. పదును (దుక్కికి సరిపడా తడి) లేని మట్టిలో బ్లేడ్లు పెడ్డను కోయవు, పగలగొట్టి పిండి చేస్తాయి. వెనక్కి తిరిగి చూస్తే రోటవేటర్ కనిపించదు, ఎర్రటి మబ్బే. రాత్రి స్నానం చేస్తే మొదటి రెండు చెంబుల నీళ్లు ఎర్రగా పోతాయి. అదే భూమికి ఒక మంచి వాన పడి రెండు రోజులు ఆరాక, పదును మీద కల్టివేటర్ వేస్తే పిడికెడంత పెడ్డలు లేస్తాయి, దుమ్ము ఉండదు. కానీ రైతు అడిగేది "అన్నా, మెత్తగా కొట్టు" అని. మెత్తగా ఉంటే పని బాగా జరిగినట్టు కనిపిస్తుంది. నేనూ కొట్టాను. గంటకు ఇంత అని డబ్బు తీసుకున్నాను. ఇకనుంచి మే నెలలో పొడి చెల్కకు రెండోసారి రోటవేటర్ అడిగితే వద్దని చెప్తాను.

మట్టిపరీక్ష (జగిత్యాల) · మే 17, సాయంత్రం 6.45

ట్రాక్టర్ అన్న చెప్పింది సైన్సు కూడా అదే చెప్తుంది. నేను నేలశాస్త్రం చదివాను, భూసార పరీక్షల పనిలో ఉన్నాను.

రెండు విషయాలను వేరుగా చూడాలి. మట్టిలో ఇసుక, ఒండ్రు, బంక ఏ పాళ్లలో ఉన్నాయన్నది ఒకటి. అది మీ చేతిలో లేదు, తాతల నాటి నుంచి అంతే. ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎంత గడ్డలుగా ఉన్నాయన్నది రెండోది. ఇది ప్రతి దుక్కికీ మారుతుంది. గాలికి కనిపించేది రెండోదే. బంక రేణువు 2 మైక్రాన్లే కావచ్చు, కానీ అది కోడిగుడ్డంత పెడ్డలో ఇరుక్కుని ఉంటే గాలికి అది కోడిగుడ్డే.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో చెపిల్ అనే శాస్త్రవేత్త గాలికోత మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. పొడి మట్టిని జల్లించి, 0.84 మిల్లీమీటర్ కంటే సన్నగా ఉన్న భాగం ఎంత అని చూసేవాడు. ఆ సన్న భాగం గాలికి పోయేది, పైన మిగిలిన పెడ్డలు నిలబడేవి. ఈ లెక్క ఇప్పటికీ వాడతారు. మన పనికి సుమారు ఒక మిల్లీమీటర్ కన్నున్న జల్లెడ చాలు. పై అంగుళం మట్టిని ఒక డబ్బాడు తెచ్చి, గట్టిగా ఊపకుండా జల్లించండి. కిందికి పడింది నాలుగింట మూడు వంతులు ఉంటే ఆ భూమి గాలికి సిద్ధంగా ఉన్నట్టే. సగం కంటే బాగా తక్కువ ఉంటే నిశ్చింత.

మొదటిది తెలుసుకోవాలంటే సీసా పరీక్ష. నిలువుగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మట్టి, పై దాకా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి. ఐదు నిమిషాలు బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరింది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద చేరింది ఒండ్రు. మర్నాడు కూడా నీళ్లు ఎర్రగా ఉంటే అందులో తేలుతున్నది బంక. అదంతా పేరుకున్నాక పొరల మందం స్కేలుతో కొలవండి.

మన ఎర్ర చెల్కల పై మట్టిలో బంక సాధారణంగా పది ఇరవై శాతం మధ్య ఉంటుంది. దుమ్ము విషయంలో ఇది ఇబ్బందికరమైన పాలు. ఇసుకలో బంక ఇరవై శాతం దాకా పెరిగేకొద్దీ, గెంతే ఇసుక ప్రతి దెబ్బకూ ఎక్కువ దుమ్ము లేపుతుందని కొలతల్లో తేలింది. అంతకు మించి బంక బాగా ఎక్కువైతే మట్టి గడ్డకట్టి గెంతడమే తగ్గుతుంది.

రేగడి_బిడ్డ · మే 17, రాత్రి 8.20

అయితే మా బండ్ల బాట సంగతి ఇప్పుడు తెలిసింది! మా చేనులో దుమ్ము లేదని నిన్న గొప్పగా రాశాను. కానీ చేనుకు పోయే బాటలో ఎండాకాలం చీలమండ దాకా కాలు దిగుతుంది. పౌడర్ లాగా మెత్తగా, వెచ్చగా ఉంటుంది. ఒక్క బండి పోతే ఎదుటి మనిషి కనిపించడు. అదీ రేగడే, చేనులో ఉన్న మట్టే. ట్రాక్టర్ టైర్లు, పత్తి బండ్లు తొక్కి తొక్కి పెడ్డలను పిండి చేశాయి. అక్కడ సుత్తి ఇసుక కాదు, టైరు.

మట్టిపరీక్ష · మే 17, రాత్రి 8.34

సరిగ్గా పట్టుకున్నారు అక్కా. రేగడిలో దుమ్ము లేదు కాదు, కట్టేసి ఉంది. ఇంకో జాగ్రత్త చెప్తాను. రేగడి తడిసి ఆరి, తడిసి ఆరితే పైన చిన్న చిన్న గుళికలుగా రాలుతుంది. ఒక్కోసారి ఆ గుళికలే ఇసుకంత సైజుకు వచ్చి గెంతడం మొదలుపెడతాయి. సున్నపు గుల్లలు ఎక్కువున్న నల్ల నేలల్లో పెడ్డలు ఇంకా బలహీనంగా ఉంటాయి. రేగడి కాబట్టి ఏం కాదులే అని అక్కడ కూడా రోటవేటర్ మీద రోటవేటర్ కొట్టవద్దు.

నీటిబొట్టు (మహబూబాబాద్) · మే 18, ఉదయం 6.50

ఇంత చర్చ ఎందుకు? ట్యాంకర్‌తో ఒకసారి నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది కదా.

ట్రాక్టర్_అన్న · మే 18, ఉదయం 7.15

అన్నా, నాలుగెకరాలకు ఎన్ని ట్యాంకర్లు? ఈ ఎండకు పైపైన చల్లింది మధ్యాహ్నానికి ఆరిపోతుంది. గాలి వచ్చేది ఆ మధ్యాహ్నమే. వడ్ల సెంటర్ ముందు బాట మీద చల్లుకోవడానికి పనికొస్తుంది, చేనుకు కాదు.

గాలిమర · మే 18, ఉదయం 10.40

నీళ్ల మాట వచ్చింది కాబట్టి: తడి రేణువులను పట్టి ఉంచుతుందన్నది నిజం. పై పొర కొంచెం తడిగా ఉన్నా గాలి చాలా ఎక్కువ వేగంతో వీయాలి. కానీ లెక్కలోకి వచ్చేది పైన ఒక మిల్లీమీటరో రెండో. కింద జానెడు తడి ఉన్నా పైన ఆరితే లేస్తుంది. వాన పడి ఆరితే వేరు, చెల్క మీద పలకలాంటి పెచ్చు కడుతుంది. అది దుమ్మును బాగా ఆపుతుంది, దాని మీద వదులు ఇసుక లేనంత కాలం.

ఇక గాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. గాలి రెట్టింపైతే దుమ్ము రెట్టింపు అనుకుంటాం. ఎడారుల్లో తిరిగి ఇసుక కదలికను లెక్కగట్టిన బ్రిటిష్ సైనిక ఇంజనీర్ రాల్ఫ్ బాగ్నాల్డ్, 1930లలోనే ఇసుక కదలిక గాలి వేగం ఘనంతో పెరుగుతుందని చూపించాడు. రెట్టింపు గాలికి ఎనిమిది రెట్లు. అది కూడా పూర్తి కథ కాదు, ఎందుకంటే ఒక వేగం దాకా అసలు ఏమీ కదలదు. పొడిగా, వదులుగా ఉన్న భూమి మీద అడుగు ఎత్తున గంటకు సుమారు 20 కిలోమీటర్లు ఆ గీత అనుకోండి. గీతను కలుపుకుని లెక్క వేస్తే, గాలి 25 నుంచి 50కి పెరిగితే కదిలే మట్టి ఎనిమిది రెట్లు కాదు, 18 రెట్లు దాటుతుంది.

అందుకే రోజంతా వీచే మామూలు గాలి కంటే, ఉరుముల మబ్బు కూలేటప్పుడు దాని కిందినుంచి తోసుకొచ్చే పావుగంట గాలి ఎక్కువ నష్టం చేస్తుంది. వాతావరణ శాఖ ఈ నెలలో "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అని చెప్తుంది చూడండి, అదే. మీ మొన్నటి మూడున్నర గాలి కూడా అదే అయ్యుంటుంది.

మోళ్లు, పెడ్డలు, సాళ్లు చేసే పని ఆ గీతను పైకి జరపడం. నేలను ఒరుసుకుపోయే గాలి బలాన్ని అవి తమ మీదికి తీసుకుంటాయి. మీ బాబాయి చెల్కలో గీత 50కి పైన ఉండి ఉంటుంది, మీ దాంట్లో 20 దగ్గరికి దిగింది. గాలి ఒకటే.

ఇంకొకటి అడుగుతాను. నాలుగెకరాల్లో గట్లు ఉన్నాయా?

చెల్క_రైతు · మే 18, మధ్యాహ్నం 12.05

లేవు సార్. ఇంతకుముందు నాలుగు మడులు. ట్రాక్టర్ తిరగడానికి వీలుగా ఉంటుందని మూడేళ్ల కింద గట్లు తీసేసి ఒకటే చేశాం. గట్టు మీద రెండు కానుగలు, ఒక వేప ఉండేవి. అవీ పోయాయి.

గాలిమర · మే 18, మధ్యాహ్నం 12.30

అడిగింది అందుకే. గెంతుడు పడమటి అంచున ఒకటి రెండు రేణువులతో మొదలవుతుంది. ఒక్కోటి పడి ఇంకొన్నిటిని లేపుతుంది, అవి ఇంకొన్నిటిని. పోను పోను పెరుగుతుంది. మధ్యలో గట్టు ఉంటే, గడ్డి పట్టీ ఉంటే, గెంతేవి అక్కడ చిక్కుకుని ఆగుతాయి, అవతల మళ్లీ మొదటి నుంచి మొదలు కావాలి. మీ దాంట్లో ఆగే చోటు లేదు. పడమటి నుంచి తూర్పు దాకా పెరిగి పెరిగి, తూర్పు అంచున ఉన్న వడ్ల మీద పడింది.

చెట్లు మళ్లీ పెట్టండి. చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా వెనక గాలి బాగా తగ్గుతుంది. ఆరు మీటర్ల వేపల వరుస 60 మీటర్లు కాపాడుతుంది. గోడలాగా దట్టంగా వద్దు, గాలి కొంత లోపలినుంచి పోవాలి, లేకపోతే అవతల సుడి తిరుగుతుంది.

ఊపిరి (వరంగల్) · మే 18, రాత్రి 9.50

నేను నర్సుని. ఛాతీ జబ్బుల వార్డులో పనిచేశాను. మీరందరూ మట్టి వైపు నుంచి మాట్లాడుతున్నారు, నేను పీల్చే మనిషి వైపు నుంచి రెండు మాటలు.

కంటికి కనిపించి, పళ్ల కింద కరకరలాడే దుమ్ము చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగుతుంది. లోపలికి పోయేది 10 మైక్రాన్ల లోపుది, దాన్నే పీఎం 10 అంటారు. ఇంకా సన్నది ఊపిరితిత్తుల చివరిదాకా పోతుంది. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.

గాలి ఆగగానే దుమ్ము పోయిందనుకుని ముసలివాళ్లను, పిల్లలను బయటికి తెస్తారు. అది తప్పు. గాలిమర సార్‌ని అడిగి లెక్క వేయించాను. కదలని గాలిలో 10 మైక్రాన్ల రేణువు మీటరు కిందికి దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. 2 మైక్రాన్లదైతే దాదాపు 50 నిమిషాలు. బయట గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ సేపు. ఆస్తమా ఉన్నవాళ్లు దుమారం పోయాక కూడా కనీసం గంటన్నర సేపు ఇంట్లోనే ఉండండి. ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి.

ట్రాక్టర్ అన్నా, ఇది మీకు. మన చెల్కలు రాతి నుంచి పుట్టినవి, ఆ దుమ్ములో స్ఫటికం, అంటే సిలికా, ఉంటుంది. క్వారీల్లో, రాళ్లు కొట్టే చోట పనిచేసేవాళ్లకు ఏళ్ల తరబడి అది పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మీరు పీల్చేది వాళ్లంత కాకపోవచ్చు, కానీ పన్నెండేళ్లు చిన్న లెక్క కాదు. తువ్వాల లావు దుమ్మునే ఆపుతుంది. ఎన్ 95 మాస్కు పెట్టుకోండి. ఒకసారి ఛాతీ పరీక్ష చేయించుకోండి.

ట్రాక్టర్_అన్న · మే 18, రాత్రి 10.10

సరే అక్కా. పొద్దున్నే మాస్కులు తెచ్చుకుంటా. పరీక్షకు కూడా పోతా.

పాత_దుక్కి (హుజూరాబాద్) · మే 19, ఉదయం 5.55

చెల్క బాబూ, చెరువు మట్టి తోలించు. మందు అదే. మా చిన్నప్పుడు ఎండాకాలం బండ్లు కట్టి చెరువు మట్టి తోలేవాళ్లం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేను ఎకరానికి నలభై ట్రిప్పుల పైన పోయించాను. ఆ చెరువులోకి వచ్చిన మెత్తటి మట్టి ఎక్కడిది? పైన చెల్కల నుంచి వాన కొట్టుకొచ్చిందే. మన బంకను మనం తిరిగి తెచ్చుకోవడం. నా భూమి ఇప్పుడు పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద అవుతుంది.

మట్టిపరీక్ష · మే 19, ఉదయం 9.30

పెద్దనాన్నా, మీతో చాలావరకు ఒప్పుకుంటాను. చెరువు మట్టి చెల్కకు బలం, నీరు నిలుస్తుంది, గడ్డ కడుతుంది. కానీ దుమ్ము విషయంలో ఒక మెలిక ఉంది. ఆరిపోయిన చెరువు మట్టిని మే నెలలో పోసి, వాన పడకముందే రోటవేటర్‌తో పిండి చేసి కలిపితే, సుత్తి ఉన్న భూమికి కొత్తగా దుమ్ము సరుకు తెచ్చి ఇచ్చినట్టే. మొదటి గాలికే అందులో సన్నది పోతుంది. నేను అట్లాంటి చేలు చూశాను.

పాత_దుక్కి · మే 19, ఉదయం 11.15

పిండి చేయమని నేను చెప్పలేదు బిడ్డా. మేం కుప్పలు కుప్పలుగానే వదిలేవాళ్లం. మొదటి వానకు నాని విచ్చుకున్నాక, పదును మీద నాగలి కట్టేవాళ్లం. దానితో పాటు పశువుల పెంట. అప్పుడు రోటవేటర్లే లేవు కాబట్టి నీ అనుమానం మాకు రాలేదు. ఇప్పటివాళ్లకు నువ్వు చెప్పింది కూడా చెప్పాల్సిందే.

మట్టిపరీక్ష · మే 19, ఉదయం 11.40

అట్లా చేస్తే ఒక్క మాట కూడా ఎదురు చెప్పను. పెంట మాట కూడా ముఖ్యం. రేణువులను కలిపి పట్టే జిగురు ఎక్కువగా పెంట, ఆకు, వేర్లు కుళ్లితే వచ్చేదే. అందుకే వరి కొయ్యలు, పత్తి కట్టె కాల్చిన భూమి ఏడాదికేడాది తేలికవుతుంది. గాలి తీసుకుపోయేది కూడా ముందు ఆ సన్నటి, సారమున్న భాగాన్నే. ఎకరం మీద ఒక మిల్లీమీటర్ మందం పోతే ఆరు టన్నుల దాకా, అంటే ఒకటిన్నర నుంచి రెండు ట్రాలీలు. మిల్లీమీటర్ పోయిందని కంటికి తెలియదు. ఏళ్లు గడిచాక మీద గరుకు ఇసుక, చిన్న రాళ్లు మిగిలినప్పుడు తెలుస్తుంది.

బడి_టీచర్ · మే 20, సాయంత్రం 5.10

1935 ఏప్రిల్ 14న అమెరికా మైదానాల్లో పట్టపగలు చీకటి చేసిన దుమారం గురించి ఎప్పుడో చదివాను. గడ్డి భూములు దున్నేశారు, కరువు వచ్చింది, మట్టి లేచిపోయింది. అది ఎక్కడో దూరం కథ అనుకున్నాను. మీ అందరి మాటలు చదివాక మా బడి వెనక చేను గుర్తొస్తోంది.

చెల్క_రైతు · మే 27, రాత్రి 9.25

ఆలస్యంగా రాస్తున్నాను, పనిలో ఉన్నాను.

సీసా పరీక్ష చేశాను. మొత్తం పది సెంటీమీటర్ల మట్టిలో ఇసుక ఏడు దాటింది. మీద ఒండ్రు పొర ఒకటిన్నర. నీళ్లు రెండు రోజులు ఎర్రగానే ఉన్నాయి, తర్వాత చివరి పొర సన్నగా చేరింది, అది ఒకటికి కొంచెం పైన. మట్టిపరీక్ష అన్న చెప్పిన ఇబ్బంది పాలే. జల్లెడ కూడా పట్టాను. నా దాంట్లో మూడు వంతుల పైనే కిందికి పడింది. బాబాయి చేనులో పొరను పెచ్చుగా లేపి జల్లిస్తే సగం కూడా పడలేదు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి మా నాన్నకు చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "గట్లు తియ్యొద్దన్న కదరా" అన్నాడు.

సెంటర్‌లో అక్క వడ్లకు పోయిన శనివారం ఫ్యాన్ పెట్టి నేనూ మా తమ్ముడూ తూర్పార పట్టించాం. కాంటా అయింది.

24న మాకు మంచి వాన పడింది. రెండు రోజులు ఆగి, పదును చూసి ట్రాక్టర్ అన్నతోనే కల్టివేటర్ వేయించాను. పడమటి గాలికి అడ్డంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి సాళ్లు. పెడ్డలు బాగా లేచాయి. పాత గట్లలో ఒకటి తాడు పట్టి మళ్లీ వేయడం మొదలుపెట్టాం, వానలు పడగానే దాని మీద కానుగ, గిరిపుష్పం నాటుతాను.

ఈ సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఈదురుగాలి వచ్చింది. గట్టు మీద నిలబడి చూశాను. పెడ్డల మధ్య సన్నటి ఇసుక అక్కడక్కడ కదిలి సాలులో పడి ఆగింది, తెర లేవలేదు. ఈశాన్యం మూలన, ట్రాక్టర్ తిరిగీ తిరిగీ పిండి అయిన రెండు గుంటల (ఎకరంలో ఇరవయ్యో వంతు) జాగాలో మాత్రం పొగలాగా లేచింది. పొద్దున్నే అక్కడ రెండు బండ్ల పెంట పోస్తున్నాను.